నాలుగో తరగతి శ్లాబుకి కారొచ్చింది

పిచ్చుకలపాలెం మండల పరిషత్ పాఠశాలలో నాలుగో తరగతి గది శ్లాబు పెచ్చులూడటం మొదలై రెండేళ్ళు దాటింది. శ్లాబు తన పని తాను చేసుకుపోతోంది, పైఅధికారులు తమ పని తాము చేసుకుపోతున్నారు. ఒకరి పనిలో ఒకరు కలగజేసుకోలేదు. మధ్యలో నలిగిపోయింది మాత్రం హెడ్‌మిస్ట్రెస్ వాసంశెట్టి నూకరత్నం.

ఆవిడ రెండేళ్ళ నుంచీ ఉత్తరాలు రాస్తూనే ఉంది. శ్లాబులో ఇనుప చువ్వలు తుప్పుపట్టి బయటికొచ్చాయనీ, వానొస్తే గోడ వెంట నీళ్ళు దిగుతున్నాయనీ, కింద ముప్పై ఇద్దరు పిల్లలు కూర్చోవాలనీ వివరంగా రాసింది. వాటికి వచ్చిన జవాబు ఒక్కటే. "మీ లేఖ అందినది. పరిశీలనలో ఉన్నది." ఈ పరిశీలన ఎప్పటికి పూర్తవుతుందో తెలియక, ఎవరినీ అడక్కుండా, నూకరత్నం పిల్లల్ని బడి పక్కనున్న తుఫాను షెల్టర్‌లోకి మార్చేసింది. మూడు తుఫాన్లు చూసినా చెక్కుచెదరని కట్టడం అది. లోపల ప్లాస్టరింగు లేదు, రంగు లేదు. చూడ్డానికి మొరటుగా ఉన్నా, దానికింద కూర్చుంటే గుండె మీద చెయ్యి వేసుకుని పాఠం చెప్పుకోవచ్చు.

ఇలా ఉండగా పాఠశాల భవనాల భద్రతా విభాగం జాయింటు డైరెక్టరు ఆకొండి చిత్రభాను గారు ఒకరింట్లో పుట్టినరోజు విందుకి వెళ్ళారు. అక్కడ ఎవరో బహుమతిగా తెచ్చిన బొమ్మకారు ఆయన జీవితాన్ని మార్చేసింది. రిమోట్ నొక్కితే ఆ కారు నేల మీద పరుగెత్తి, గోడెక్కి, గోడ మీంచి పైకప్పుకి పాకి, తలకిందులుగా గిరగిరా తిరిగింది. చూసినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. చిత్రభాను గారు కొట్టలేదు. చేతిలో ఉన్న కేకు పళ్ళెం పక్కనపెట్టి, జేబులోంచి డైరీ తీసి ఏదో రాసుకున్నారు. ప్రభుత్వోద్యోగి విందులో డైరీ తీశాడంటే ఎక్కడో ఎవరికో మూడిందన్నమాటే.

రెండు వారాలకల్లా సర్క్యులర్ వచ్చింది. పేరు "ఊర్ధ్వతల చలన పరీక్ష." అందులో అసలు ముక్క ఇది: "ఏ పైకప్పునందు వాహనము నిరాటంకముగా చలించునో అట్టి పైకప్పు భద్రమైనదిగా భావింపబడును. చలింపని యెడల అభద్రమైనదిగా భావింపబడును. ఇతర పరీక్షలేవియు ఇకమీదట పరిగణింపబడవు."

దీని వెనక తర్కం లేకపోలేదు. ఇంతకుముందు ఇంజినీరు నిచ్చెనెక్కి, సుత్తితో శ్లాబుని కొట్టి, చెవి ఒగ్గి విని, చెమటలు కక్కుతూ దిగాల్సి వచ్చేది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని మీట నొక్కితే చాలు. ఇంజినీర్ల సంఘం ఏకగ్రీవంగా హర్షం ప్రకటించింది. జిల్లాలో ఉన్న నిచ్చెనలన్నీ వాపసు తీసేసుకున్నారు.

జూన్ చివరివారంలో ఏఈ గుత్తుల సుబ్బలింగం జీపులో వచ్చాడు. ఒళ్ళో అట్టపెట్టె, పెట్టెలో ముఖమల్ గుడ్డ, గుడ్డలో ఎర్ర కారు. పట్టుకుని చూస్తే రెండు నిమ్మకాయలంత బరువుంటుందేమో. దాని పొట్టకింద చిన్న ఫ్యాను ఉంది. అది గాలిని లాగేసి కారుని గోడకి అతుక్కునేలా చేస్తుంది. అందుకని గోడ నున్నగా ఉంటేనే దాని ఆటలు సాగుతాయి. ఈ సంగతి కారు పెట్టె మీద బొమ్మవేసి మరీ చెప్పారు గాని, పెట్టె మీది రాతలు సర్క్యులర్లో భాగం కావు.

నాలుగో తరగతి గదిలో కారు గోడ ఎక్కింది, శ్లాబు అందుకుంది, పెచ్చులూడిన చోటు రాగానే టపీమని కిందపడింది. నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది.

"చూశారా ఏఈ గారూ! నేను మొత్తుకుంటోంది అదేనండి. ఇంక బాగు చేయిస్తారు కదండీ?"

"చేయించక ఛస్తామా అండి. పరీక్ష తప్పిందంటే వెంటనే నిధులిమ్మన్నారండి," అన్నాడు సుబ్బలింగం.

అన్నమాట ప్రకారం పది రోజుల్లో పనివాళ్ళు దిగారు. నూకరత్నం సిమెంటు బస్తాల కోసం చూసింది. వాళ్ళు డబ్బాల్లోంచి లప్పం తీశారు. పగుళ్ళన్నిటినీ లప్పంతో పూడ్చారు, బయటికొచ్చిన చువ్వల్ని లప్పంతో కప్పారు, పైన తెల్లటి ఎనామిల్ రంగు రెండు పూతలు వేశారు. శ్లాబు అద్దంలా మెరిసింది.

"లోపల ఇనుము సంగతేంటండీ? అది తుప్పు పట్టిపోయింది కదా!" అంది నూకరత్నం.

"ఇనుము గురించి సర్క్యులర్‌లో లేదండి. నునుపు గురించే ఉందండి."

"మీకు తెలీదా ఏఈ గారూ? మీరు చదివిన చదువేంటండి?"

సుబ్బలింగం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తెలీకేమండి. ఇరవై రెండేళ్ళ సర్వీసండి నాది. ఆ శ్లాబు చూస్తే నాకే ఒళ్ళు జలదరిస్తందండి. కాని ఫారంలో రెండే గళ్ళిచ్చారు మేడం. తిరిగింది, తిరగలేదు. మూడో మాట రాయడానికి చోటు లేదండి."

ఈసారి కారు శ్లాబంతా పెళ్ళికొడుకులా ఊరేగింది. సుబ్బలింగం మొదటి గడిలో టిక్కు పెట్టి, పనిలో పనిగా పక్కనున్న తుఫాను షెల్టర్‌లో కూడా పరీక్ష చేశాడు. ఆ మొరటు కాంక్రీటు మీద కారు జానెడు దూరం కూడా ఎక్కలేదు. మూడుసార్లు ఎక్కించాడు, మూడుసార్లూ పడింది. షెల్టర్ తలుపుకి సీలు పడింది. "ఈ కట్టడము అభద్రము. తుఫాను సమయమునందు ప్రజలెవ్వరూ లోనికి ప్రవేశింపరాదు" అని బోర్డు కట్టారు. అదే రోజు నూకరత్నానికి ఉత్తర్వు అందింది. విద్యార్థులను ధ్రువీకృత భద్రత కలిగిన నాలుగో తరగతి గదిలోకి ఇరవైనాలుగు గంటల్లో తరలించవలెను, తరలించని పక్షంలో శాఖాపరమైన చర్య తప్పదు.

మర్నాడు పిల్లల్ని వరసగా లోపలికి తీసుకొచ్చింది నూకరత్నం. పెద్ద పగులు ఎక్కడుండేదో లప్పం వెనక దాక్కున్నా ఆవిడకి తెలుసు. సరిగ్గా దానికింద తన కుర్చీ వేసుకుంది. పడితే ముందు తన మీదే పడాలని ఆవిడ ఉద్దేశం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గాని, మధ్యాహ్న భోజనం వండే పళ్ళాలమ్మ కనిపెట్టేసింది.

"ఆ మూల ఫ్యాను కింద హాయిగా కూకోకుండా ఇక్కడికెందుకొచ్చారండి?"

"ఇక్కడ వెల్తురు బావుందే."

"ఏం వెల్తురండీ, మీ మొకం. పైకి సూత్తానే ఉన్నారు పొద్దుగూకులూ," అని పళ్ళాలమ్మ కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది.

సర్క్యులర్లు ఒకటి వస్తే ఆగవు. వాహనం తిరిగేది మార్గమే అవుతుంది గనక, పరీక్ష నెగ్గిన పైకప్పులన్నిటినీ "ఊర్ధ్వ మార్గములు"గా గుర్తించారు. మార్గమన్నాక రోజూ రాకపోకలుండాలి. పాఠశాలకో కారు ఇచ్చి, ఉదయం పదింటికి ఇరవై నిమిషాలు నడిపి, ఎన్ని చుట్లు తిరిగిందో రిజిస్టర్లో రాయమన్నారు. నడిపేవాళ్ళకి శిక్షణ ఉండాలి గనక నూకరత్నాన్ని మూడు రోజులు జిల్లా కేంద్రానికి పిలిపించి, తలకిందులుగా ఉన్న కారుకి కుడి ఏదో ఎడమ ఏదో నేర్పారు. మార్గంలో అడ్డంకులుండకూడదు గనక ఫ్యాన్లు ఊడదీశారు. ఉక్కపోతకి పిల్లలు అట్టలతో విసురుకుంటూ మెడలెత్తి కారుని చూసేవాళ్ళు. చదువు ఎంత సాగిందో ఏ రిజిస్టరూ అడగలేదు.

శ్లాబు మధ్యన పసుపు గీత గీశారు. తర్వాత బల్లుల సమస్య వచ్చింది. ఒక ఉదయం బల్లిని తప్పించబోయి కారు గోడకి గుద్దుకుంటే, నూకరత్నం రిజిస్టర్లో ఉన్నదున్నట్టు రాసింది. వారం తిరక్కుండా తాఖీదు. మార్గముపై సంచరించు జంతువుల వివరములు, వాటి యజమానుల పేర్లతో సహా, పశువైద్యుని సంతకముతో పంపవలెను.

పశువుల ఆసుపత్రి బడికి ఎదురుగానే ఉంది. డాక్టరుగారు వచ్చి, గదిలో నిలబడి, చాలాసేపు పైకి చూశాడు. బల్లుల్ని కాదు, లప్పం మీద అప్పుడే వెంట్రుకంత మందాన మొలుస్తున్న గీతల్ని.

"గేదెలైతే చెవికి పోగేసి నంబరిద్దునండి. వీటికి చెవులెక్కడ వెతకను?" అని నవ్వబోయి, నవ్వలేక, "మేడం, ఈ గదిలో పిల్లల్నెలా కూర్చోబెడుతున్నారండీ?" అన్నాడు.

"ఉత్తర్వుందండి," అంది నూకరత్నం. ఆ మాట చెప్పడానికి ఆవిడకి సిగ్గేసింది.

"మా ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు ఖాళీగా ఉందండి. ఎడ్లు రావడం మానేసి చాన్నాళ్ళయింది. కడిగించి ఇస్తాను, తెచ్చేసుకోండి."

"రేకుల మీద కారు తిరగదండి. రేకులు ముడతలు కదా. తిరగని చోటికి పిల్లల్ని మార్చానంటే నా ఉజ్జోగం పోతుంది. నేను పోతే ఇంకొకరొస్తారు, వాళ్ళు ఈ గదిలోనే కూర్చోబెడతారు."

ఆగస్టు మొదటివారంలో, మూడు రోజులు ముసురు పట్టి విడిచాక, చిత్రభాను గారు స్వయంగా వచ్చారు. మండలంలో ప్రథమ ఊర్ధ్వ మార్గాన్ని లాంఛనంగా ప్రారంభించాలి. రిబ్బను కత్తిరించాలంటే నిచ్చెన కావాలి, నిచ్చెనలు లేవు. పొడుగు కర్రతో పైకెత్తి రెండు మూలల్లో రిబ్బను అతికించారు, కారే దాన్ని తెంపుకుని వెళ్ళేలా ఏర్పాటు చేశారు. పిల్లల్ని బెంచీల మీద వరసగా కూర్చోబెట్టారు. అధికారులు మాత్రం గుమ్మం బయట వరండాలో నిలబడ్డారు. లోపల ఉక్కగా ఉంటుందన్నారు. సుబ్బలింగం అయితే వరండా కూడా దాటి చెట్టుకింద నిలబడ్డాడు.

చిత్రభాను గారు గుమ్మంలోంచే ఉపన్యసించారు. "ప్రియమైన విద్యార్థులారా! నేలపై నడుచుట మానవ స్వభావము. పైకప్పుపై నడుచుట సంకల్పబలము. నేడు మీ తలలపై ప్రగతి పరిభ్రమించుచున్నది. ప్రగతికి గురుత్వాకర్షణ అడ్డు కాదని ఈ విభాగము నిరూపించినది."

నూకరత్నం మీట నొక్కింది. కారు గోడెక్కింది, శ్లాబెక్కింది, రిబ్బను తెంచింది. చప్పట్లు మోగాయి. రెండో బెంచీలో కూర్చున్న నాగదేవి అనే పిల్ల, ముందే చెప్పినట్టు లేచి, పూలగుత్తి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో, పెద్ద శబ్దంతో ఆ పిల్ల లేచిన చోటే బెంచీమీద పెచ్చు పడింది. బియ్యం చాటంత ఉంటుంది. దానితోపాటే కారూ పడింది. నాగదేవి పలక రెండు ముక్కలైంది.

గదంతా సున్నం పొడి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నూకరత్నం నాగదేవిని వాటేసుకుని తల, భుజాలు, చేతులు తడుముతోంది. ఆ దుమ్ములోంచి చిత్రభాను గారి గొంతు వినబడింది.

"వాహనమునకు ఏమైనా దెబ్బ తగిలినదా?"

సుబ్బలింగం చెట్టుకింద నుంచి పరుగెత్తుకొచ్చి, చేత్తో తల కప్పుకుని లోపలికి దూరి, కారు తీసుకుని అంతే వేగంగా బయటపడ్డాడు. ముందు చక్రం ఒకటి విరిగిందని నివేదించాడు. చిత్రభాను గారు కారుని రెండు చేతుల్లోకీ తీసుకుని, చక్రాన్ని వేలితో కదిపి చూసి, నిజంగానే బాధపడ్డారు. ఆయన కళ్ళలో తడి నూకరత్నం కళ్ళారా చూసింది.

అంతవరకూ ఆవిడకి భయం ఉండేది. ఆ క్షణంలో భయం పోయి ఒళ్ళుమండింది. రెండేళ్ళుగా తను చేస్తున్న పొరపాటేమిటో ఆవిడకి అప్పుడు అర్థమైంది. పిల్లలకి ప్రమాదమని రాస్తూ వచ్చింది. ఈ విభాగంలో పిల్లల గడి ఏ ఫారంలోనూ లేదు. కారు గడి ఉంది.

ఆ మధ్యాహ్నమే కొత్త ఉత్తరం రాసింది. శిక్షణలో విన్న మాటలన్నీ అందులో గుప్పించింది.

"ఆర్యా! ఊర్ధ్వ మార్గమునందు జరిగిన వాహన ప్రమాదమునకు కారణములు విచారింపగా ఈ క్రింది అంశములు తేటతెల్లమైనవి. మార్గము క్రింద ముప్పది ఇద్దరు విద్యార్థులు నిత్యము శ్వాసించుటవలన తేమ జనించి వాహనము పట్టు సడలుచున్నది. వారు రెండవ ఎక్కము మొదలు పన్నెండవ ఎక్కము వరకు ముక్తకంఠముతో వల్లించుటవలన మార్గము కంపించుచున్నది. చప్పట్లు మరింత హానికరము. కావున ప్రభుత్వ వాహనము యొక్క క్షేమము దృష్ట్యా, మార్గము క్రింద విద్యార్థుల ఉనికిని తక్షణమే నిషేధింపవలసినదిగా ప్రార్థన."

రాసినదాన్ని పళ్ళాలమ్మకి చదివి వినిపించింది.

"పిల్లలు ఊపిరి తీత్తే కారు పడిపోద్దాండీ?" అని పళ్ళాలమ్మ నోరెళ్ళబెట్టింది.

"పడదే. కాని వాళ్ళు నమ్ముతారు చూడు."

మూడో రోజున జవాబొచ్చింది. పరిశీలనలో ఉందని కాదు, ఉత్తర్వే వచ్చింది. "సదరు గదిలో విద్యార్థులు, పాదచారులు, ఇతర చరజీవులు ప్రవేశించుట నిషేధము. వాహనమును కిటికీ వెలుపలనుండి నడపవలెను. మిగిలిన సమయములో గదియందే అద్దాల పెట్టెలో భద్రపరచి తాళము వేయవలెను. విద్యార్థులను ఎక్కడ కూర్చుండబెట్టవలెనన్నది ఈ విభాగము పరిధిలోనిది కాదు." చివరన, వాహన సంక్షేమం పట్ల చూపిన శ్రద్ధకు హెడ్‌మిస్ట్రెస్‌ని అభినందిస్తూ ఒక వాక్యం కూడా ఉంది.

నూకరత్నం ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. గంటలోపల పిల్లలు, బెంచీలు, నల్లబల్ల రేకుల షెడ్డులోకి చేరిపోయాయి. పేడ వాసన కొంచెం మిగిలే ఉంది. ఆవిడకి అది కూడా ముద్దుగానే అనిపించింది. ఎన్నో వారాల తర్వాత పాఠం చెబుతూ ఒక్కసారైనా పైకి చూడలేదు.

ఇరవై రోజులకి పెద్ద వాయుగుండం పట్టింది. రేకుల మీద వాన ధనధనా మోగుతుంటే, పిల్లలు వానకి పోటీగా పన్నెండో ఎక్కం అరుస్తున్నారు. పదకొండు కావస్తోంది. పళ్ళాలమ్మ తడిసిముద్దయి పరుగెత్తుకొచ్చింది.

"పంతులమ్మగారో! పడిపోయిందండి బాబూ! శ్లాబు మొత్తం కూలిపోయిందండి!"

నూకరత్నం లేచి నిలబడింది. గదిలో ఎవరూ లేరని తెలుసు. తాళంచెవి తన కొంగునే ఉందనీ తెలుసు. అయినా పిల్లల్ని లెక్కపెట్టింది. ముప్పై రెండు. మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్కరి తల మీద చెయ్యిపెట్టి లెక్కపెట్టింది. నాగదేవి దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి ఏడుపు ఆగలేదు.

"ఎందుకండీ ఏడుత్తన్నారు?" అంది నాగదేవి.

"ఏం లేదే. పన్నెండారులెంత? చెప్పు."

నాలుగో రోజున మెమో అందింది. విభాగం ముద్ర, చిత్రభాను గారి సంతకం.

"సదరు పైకప్పు కూలిపోవు స్థితియందున్నదని, చువ్వలు తుప్పుపట్టినవని, క్రింద నుండుట ప్రాణాపాయమని మీరు రెండు సంవత్సరములుగా వ్రాసిన లేఖలు ఈ విభాగము దస్త్రములలో భద్రముగా ఉన్నవి. కావున ప్రమాదము సంగతి మీకు పూర్తిగా తెలియును. అట్లు తెలిసియుండి కూడ ప్రభుత్వ వాహనమును ఒంటరిగా దాని క్రింద ఏల ఉంచితిరి? మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

సంజాయిషీ ఎలా రాయాలో చెప్పడానికి సుబ్బలింగం స్వయంగా వచ్చాడు. "తెలీలేదని రాసెయ్యండి మేడం. ప్రకృతి వైపరీత్యం అనండి. ఫైలు మూసేత్తారు. లేకపోతే సస్పెన్షను ఖాయమండి."

నూకరత్నం షెడ్డు గుమ్మంలో నిలబడే రాసింది. సుబ్బలింగం మెడ చాచి చూస్తే కాగితం మీద రెండు ముక్కలే ఉన్నాయి.

"తెలిసే ఉంచాను. పిల్లలను ఉంచమన్నప్పుడు మీకూ తెలుసు."

సంతకం చేసి, పాఠశాల ముద్ర వేసి, కాగితం సుబ్బలింగం చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, జీపెక్కాడు. నూకరత్నం లోపలికెళ్ళి పదమూడో ఎక్కం మొదలుపెట్టింది.